ఏడో అంతస్తులో వెడల్పు తలుపు గది

పదేళ్లపాటు నేను నోటికొచ్చినట్టు తిట్టిపోసిన మనుషుల్లో చివరికి నేనూ ఒకదాన్నయ్యాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కథంతా విన్నాక ఎవరూ నేనేదో మంచిదాన్ననుకుని మోసపోకూడదు.

మేం ఏటా ఎక్కే విహార ఓడలో పన్నెండు వందల గదులుంటే, చక్రాల కుర్చీ పట్టే గదులు పద్నాలుగే. వాటి తలుపులు వెడల్పుగా ఉంటాయి. స్నానాల గదికి గడప ఉండదు. షవర్ కింద గోడకి మడతపెట్టే సీటు ఒకటి ఉంటుంది. మంచం చుట్టూ కుర్చీ తిరిగేంత చోటుంటుంది. ధర మాత్రం మామూలు గది ధరే. ఈ చివరి ముక్క తెలిసినవాళ్లు ఊరుకుంటారా? 'పెద్ద గది కావాలంటే ఫారంలో నడవలేనన్న గడి దగ్గర టిక్కు పెట్టెయ్, రుజువులేం అడగరు' అని ఒకరికొకరు చెప్పుకుంటారు. కాళ్లు రెండూ నిక్షేపంగా ఉన్నవాళ్లు ఆ గదుల్లో దిగి, షవర్ సీటు మీద తడిసిన ఈత బట్టలు ఆరేసుకుంటారు.

ఓ ఏడాది మాకు ఆ పద్నాలుగింటిలో ఒక్కటీ దొరకలేదు. లిస్టులో ఉండి ఉండి మామూలు గదిలోనే దిగాం. రెండో రోజు పొద్దున్న ఒకావిడ, ఎర్ర టోపీ, పరుగు బూట్లు, డెక్కు మీద ఆరు చుట్లు పరిగెత్తి వచ్చి మా ఎదురుగానే వెడల్పు తలుపు తీసుకుని లోపలికి వెళ్లబోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమ్మా, మీకు ఏ కాలు పనిచెయ్యదు? కుడిదా, ఎడమదా?" అన్నాను.

ఆవిడ మొహం టోపీ రంగుకి తిరిగింది. డెస్ తన కుర్చీలో కూర్చుని నేల చూపులు చూశాడు.

"లిన్, వదిలెయ్యవే. పాపం పారిపోతుంది. పారిపోతే నేను పట్టుకోలేను కూడా" అన్నాడు.

డెస్ నా భర్త. బ్రిస్బేన్ దగ్గర స్కార్‌బరో రేవు నుంచి రొయ్యల పడవ నడిపేవాడు. యాభై ఒకటో ఏట వల లాగే ఇనుప తాడు తెగి నడుముకి కొట్టింది. ఆ దెబ్బతో నడుము కింద ఏమీ మిగల్లేదు. అప్పట్నుంచీ ఇంట్లో అతనొక రోగి. హాల్లో ఆస్పత్రి మంచం, వారానికి మూడుసార్లు వచ్చే నర్సు, రోజుల పేర్లు రాసిన మాత్రల డబ్బా. ఓడెక్కితే మాత్రం మళ్లీ డెస్ అయిపోయేవాడు. బాల్కనీలోకి కుర్చీ తోసుకెళ్లి, ముక్కు గాలికెత్తి, "రేపు మధ్యాహ్నానికి గాలి ఆగ్నేయానికి తిరుగుతుంది చూడు" అనేవాడు. తిరిగేది. నేను పందెం కాసి ఓడిపోయేదాన్ని. భోజనాల దగ్గర ఓడవాళ్ల రొయ్యలు ముట్టేవాడు కాదు. "ఇవి నాకన్నా ఎక్కువ దేశాలు తిరిగొచ్చాయి, వాటినెందుకు ఇబ్బంది పెట్టడం" అని పళ్లెం నా వైపు జరిపేవాడు.

అలా బ్రిస్బేన్ నుంచి పసిఫిక్ దీవుల్లో నూమియా, లీఫూ, పోర్ట్ విలా దాకా పదిసార్లు వెళ్లాం. తొమ్మిదిసార్లు ఏడో అంతస్తులో అదే గది.

మూడేళ్ల కిందట ఆగస్టులో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి అతను పోయాడు. అక్టోబరు ప్రయాణానికి అప్పటికే గది పట్టి ఉంచాం. టికెట్లు చూసే దుకాణం నుంచి ఎవరో కొత్త పిల్ల ఫోన్ చేసింది.

"పోయినసారి వివరాలే ఉంచెయ్యమంటారా?" అంది.

"ఉంచెయ్యి" అన్నాను.

మొదట నేనాడిన అబద్ధం ఆ ఒక్క మాటే. ఒంటరిగా వెళ్లేవాళ్ల దగ్గరా ఇద్దరి చార్జీ తీసుకుంటారు, కాబట్టి డెస్ పేరు ఉంటే ఓడవాళ్లకి పోయేదేం లేదని సర్దిచెప్పుకున్నాను. రేవులో కాగితాలు చూసేవాళ్లు ఆయనేరని అడిగితే, నలతగా ఉంది, రాలేదన్నాను. రెండో ఏడాదీ అదే చెప్పాను.

గదులు చూసే రోడెల్‌ది ఫిలిప్పీన్స్. డెస్‌ని ఎనిమిదేళ్లు ఎరుగును. మొదటిసారి నేనొక్కదాన్నే పెట్టె లాక్కుంటూ రావడం చూసి అంతా గ్రహించాడు. ఏమీ అడగలేదు. పొద్దున్నే షవర్ సీటు కిందికి దించి, దాని మీద తువ్వాలు మడిచి పెట్టి వెళ్లేవాడు, డెస్ ఉన్నప్పటిలాగే. మంచానికీ బాల్కనీకీ మధ్య అతని కుర్చీ ఉండే చోట నేను నా చెప్పులు కూడా విడవను. ఆ ఖాళీ వైపు తిరిగి కూర్చుని మాట్లాడతాను. కూతురు ఏమంది, పక్కింటివాళ్ల కుక్క ఏం చేసింది, రొయ్యల ధర ఎంతయింది. ఏడాదంతా నేను బతికేది ఆ తొమ్మిది రోజుల కోసమే. నాకు అతను కావాలి. దీన్ని చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదు.

ఇది మూడో ఏడాది సంగతి.

ఓడ కదిలే ముందు, ప్రమాదమొస్తే ఎటు వెళ్లాలో అందరికీ నేర్పుతారు. నడవలేనివాళ్ల పేర్లు ఫారాల్లోంచి తీసి, ఒక్కొక్కరిని మెట్ల మీదుగా మోసుకుపోవడానికి ఇద్దరేసి మనుషుల్ని పెడతారు. ఈసారి నా తలుపు తట్టారు. తెరిస్తే నారింజ రంగు చొక్కాల్లో ఇద్దరు బలమైనవాళ్లు, మధ్యలో బెల్టులున్న మోత కుర్చీ.

"మిస్టర్ డెస్మండ్ ట్రాంటర్ సిద్ధంగా ఉన్నారా మేడమ్?"

"ఆయన రాలేదు" అన్నాను.

ఒకతను జాబితా మీద గీత కొట్టాడు. ఖాళీ కుర్చీ మోసుకుంటూ వెళ్లిపోయారు. చచ్చిపోయిన మనిషిని కాపాడ్డానికి బతికున్న ఇద్దర్ని గుమ్మంలో నిలబెట్టాను కదా అని సిగ్గేసింది. భోజనాల వేళకి ఆ సిగ్గు తగ్గిపోయింది.

మర్నాడు పొద్దున్న నడవాలోకి వచ్చేసరికి, మూడు తలుపుల అవతల ఒక చక్రాల కుర్చీ మడతపెట్టి గోడకి ఆనించి ఉంది. ఒక పెద్దమనిషి గుమ్మానికి రెండు వైపులా చేతులు పెట్టి నిలబడ్డాడు. మోకాళ్లు వణుకుతున్నాయి. వెనకాల లావుపాటి ఆడమనిషి ఒక చేత్తో అతన్నీ, ఇంకో చేత్తో మూసుకుపోతున్న తలుపునీ ఆపుతోంది.

"కాస్త ఈ తలుపు పట్టుకుంటారా? ఇది మమ్మల్నిద్దర్నీ నమిలేసేలా ఉంది" అంది నన్ను చూసి.

పట్టుకున్నాను.

"ఒక్క అడుగు, రెక్స్. మన పెళ్లికి చర్చిలో నడిచినట్టు" అంది అతనితో.

"అప్పుడూ నువ్వే లాక్కెళ్లావుగా" అన్నాడు రెక్స్.

ఆవిడ పేరు నరెల్. సముద్రానికి దూరంగా, లోపల డాల్బీ ఊరి దగ్గర జొన్న, గోధుమ వేసే కమతం వాళ్లది. రెక్స్‌కి నరాల జబ్బు. పోయినేడు కాళ్లు పట్టు తప్పాయి, ఈ ఏడు ఎడమచెయ్యి. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చెమట తుడుచుకుని, నరెల్ నాతో మాటల్లో పడింది.

"వెడల్పు గది కోసం ఏప్రిల్ నుంచీ లిస్టులో ఉన్నాం. చివరి రోజు దాకా ఒక్కరూ వదల్లేదు. పోనీలెండి. మావాడికన్నా ఎక్కువ కష్టంలో ఉన్నవాళ్లే తీసుకుని ఉంటారు. వాళ్లు చల్లగా ఉండాలి" అంది.

అంటూనే నా తలుపు వైపు చూసింది. దాని వెడల్పు దాచేస్తే దాగేది కాదు.

"ఓ, మీ వారా?" అంది జాలిగా.

ఊరికే తలాడించి వెళ్లిపోయినా సరిపోయేది. నా నోరు ఊరుకోదుగా. "అవును. లోపల పడుకున్నాడు. మనుషుల్లోకి రాలేడు" అన్నాను.

అక్కణ్ణుంచీ మొదలయ్యాయి నా పాట్లు. మధ్యాహ్నం లిఫ్టు దగ్గర రెక్స్ పట్టుకున్నాడు.

"మీ ఆయన ఏం చేసేవారు?"

"రొయ్యల పడవ."

అతని కళ్లు పెద్దవయ్యాయి. "అబ్బో! అయితే ఒక్క పది నిమిషాలు కలవాల్సిందే. అరవయ్యేళ్లు దుమ్ము తప్ప ఏమీ చూడలేదు నేను. ఈ నీళ్ల సంగతి చెప్పేవాడొకడు కావాలి. ఆ నురగ ఎందుకొస్తుంది, రంగు ఎందుకు మారుతుంది, అన్నీ అడగాలి."

"కాస్త కోలుకున్నాక" అన్నాను.

"తొందరేం లేదు. నేనూ పరిగెత్తిపోను" అన్నాడు.

మాటలో అచ్చం డెస్ లాగే ఉన్నాడు.

సాయంత్రం నరెల్ తలుపు తట్టింది. నేను తలుపు సందులో అడ్డంగా నిలబడ్డాను. ఆవిడ చేతిలో గుమ్మడికాయ సూపు, మూత పెట్టిన గిన్నెలో.

"మీ ఆయనకి. ఉప్పు తక్కువ వెయ్యమన్నాను. లేవలేనివాళ్లకి ఓడ తిండి పడదు" అంది.

ఆ సూపు నేనే తాగాను. ఎంత సిగ్గుగా ఉందో అంత రుచిగానూ ఉంది.

మూడో రోజు కాఫీ దగ్గర నరెల్ ఒక్కతే కూర్చుని ఉంది. ఎందుకొచ్చారు ఇంత అవస్థపడి అని అడిగేశాను. మనసులో కొంచెం కోపం కూడా ఉంది, ఒప్పుకుంటాను. వాళ్లు రాకపోయి ఉంటే నా తొమ్మిది రోజులు నాకుండేవి.

"సముద్రం చూస్తానన్నాడు" అంది నరెల్. "ఒడ్డు నుంచి కాదు, చుట్టూ నీళ్లే ఉండేచోట. ఎవరూ అడ్డం లేకుండా, కాసేపు ఒక్కడే కూర్చుని. మా బాల్కనీకి జానెడు గడప, కుర్చీ దాటదు. గాజు లోపల్నుంచి చూస్తాడు, టీవీ చూసినట్టు. పోనీ పైన డెక్కు మీదికి తీసుకెళితే పాటలూ బీరు గ్లాసులూ. కుర్చీలో ఉన్నవాడికి అక్కడ కనిపించేది సముద్రం కాదు, జనం నడుములు." కప్పులో చెంచా తిప్పుతూ ఆగింది. "వచ్చే ఏడాది కూర్చోగలడో లేదో డాక్టరు చెప్పట్లేదు. చెప్పట్లేదంటే ఏమిటో నాకు తెలుసుగా."

గదికి వచ్చి డెస్ ఖాళీ వైపు తిరిగి కూర్చున్నాను.

"నువ్వేమంటావో నాకు తెలుసు. అందుకే నిన్ను అడగట్లేదు" అన్నాను.

ఇంకా ఆరు రోజులున్నాయి నాకు. ఇంటికెళితే హాల్లో ఆస్పత్రి మంచం ఎత్తేసిన చోట తివాచీ మీద నాలుగు గుంటలుంటాయి. అక్కడ డెస్ లేడు, ఎప్పుడూ లేడు, అక్కడున్నది అతని జబ్బు. డెస్ ఉన్నది ఈ గదిలో. దీన్ని ఇంకొకరికిచ్చేసి నేనెక్కడికి పోవాలి? ఎవరి భర్త వాళ్లకి ముద్దు. నరెల్‌కి రెక్స్ కూర్చుని ఉన్నాడు, పట్టుకుంటే వేడిగా తగులుతాడు. నాకు ఇంత ఖాళీ చోటు తప్ప ఏముంది? ఇలా నాకు నేనే వాదించుకుని, నేనే గెలిచి, పడుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్న ఓడ లీఫూ ముందు ఆగింది. ఫలహారాల దగ్గర నరెల్ ముందు ఒక్క రొట్టెముక్క ఉంది, దాని మీద వెజిమైట్ అనే ఉప్పటి నల్ల ముద్ద రాసి కొరక్కుండా వదిలేసింది. ఎప్పుడూ ముందు తనే నవ్వే మనిషి, నన్ను చూసి నవ్వలేదు.

"రెక్స్ పడ్డాడు" అంది.

"ఎప్పుడు?"

"ఇందాకే. స్నానాల గది గడప తన్నుకుని. నుదురు చీరుకుంది, నాలుగు కుట్లు వేశారు. నేను సబ్బు తియ్యడానికి అటు తిరిగాను, అంతే. మూడు రోజులుగా తడిగుడ్డతో తుడుస్తున్నాను, గుర్రాన్ని తుడిచినట్టు. ఇవాళ మనిషిలా స్నానం చేస్తానని మొండికేశాడు."

నేను కూర్చోలేదు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. అనడానికి నాకు మొహమెక్కడిది? తిన్నగా ఐదో అంతస్తులో ప్రయాణికుల డెస్కు దగ్గరికి వెళ్లాను.

"గది మార్చుకోవాలి. నాది 7114. మూడు తలుపుల అవతలి వాళ్లకి నా గది ఇవ్వండి, వాళ్లది నాకివ్వండి" అన్నాను.

డెస్కు దగ్గరావిడ తెర మీద చూసింది. చాలా మర్యాదస్తురాలు.

"తప్పకుండా మేడమ్. కాకపోతే బుకింగు మిస్టర్ ట్రాంటర్ పేరున ఉంది. ఆయన అవసరాలు రాసి ఇచ్చారు కాబట్టి, ఆయన ఒప్పుకుంటేనే గది వదిలించగలం. ఆయన ఇంటి దగ్గరున్నారు కదా? ఒకసారి ఫోన్ కలిపి అడగమంటారా?"

ఫోను నా వైపు తిప్పింది. నంబరు అప్పటికే తెర మీద ఉంది, మా ఇంటి నంబరు. ఒక్క క్షణం నాకేమనిపించిందో చెప్తే నవ్వుతారు. కలపమందామనిపించింది. మా హాల్లో మోగుతుంది, ఎవరో ఒకరు ఎత్తుతారేమో అనిపించింది.

"ఆయన ఎత్తడమ్మా" అన్నాను. "చనిపోయాడు. రెండేళ్లు దాటింది."

ఆ మాట ఆ ఓడలో ఎవరితోనూ అనలేదు నేను. రోడెల్‌తో కూడా. డెస్కు దగ్గరావిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. 'అయితే ఆయన పేరు తీసేస్తాను మేడమ్' అని ఒక మీట నొక్కింది. చాలా చిన్న చప్పుడది.

నరెల్‌కి చెప్పడం ఇంకా కష్టమైంది. వాళ్ల గుమ్మంలోనే నిలబడి చెప్పాను. లోపల రెక్స్ నుదుటి మీద కట్టుతో మంచం మీద ఒరిగి ఉన్నాడు, అన్నీ వింటున్నాడు.

నరెల్ తల బయటికి పెట్టి నా తలుపు వైపు చూసింది. ఆ తర్వాత, "ఎవరూ లేరా లోపల? మొదట్నుంచీ?" అంది.

"లేరు."

"సూపు?"

"నేనే తాగాను."

"ఆ తలుపు చూసినప్పుడల్లా లోపలి మనిషి కోసం దణ్ణం పెట్టుకున్నాను నేను. మావాడు ఇక్కడ గడపలకి తల బాదుకుంటుంటే." ఆవిడ గొంతు లేవలేదు. లేవకపోవడమే నాకు ఎక్కువ తగిలింది. "నీకు తెలుసు కదా! కుర్చీ తోసినదానివి, నీకు తెలుసు కదా ఇదెలా ఉంటుందో!"

"తెలుసు" అన్నాను. "తెలిసే చేశాను."

ఆవిడ నా మొహంలోకి చూసి, సంచీలో బట్టలు కుక్కడం మొదలుపెట్టింది. క్షమించానని అనలేదు. ఇప్పటికీ అనలేదు. క్రిస్మస్‌కి కార్డు మాత్రం పంపుతుంది.

రోడెల్ వచ్చి పెట్టెలు మార్చాడు. నా సామాను అంత తక్కువ ఉంటుందని నాకే తెలీదు. రెక్స్ కుర్చీ నా గది తలుపులోంచి రెండు వైపులా తగలకుండా లోపలికెళ్లింది. నరెల్ షవర్ సీటు మీద చెయ్యి వేసి, నొక్కి చూసి, అక్కడే నిలబడిపోయింది. రెక్స్ గది మధ్యలో ఆగి నా వైపు తిరిగాడు.

"మీ ఆయన ఎక్కడ కూర్చునేవాడు?" అన్నాడు.

చూపించాను. "పొద్దున ఇక్కడ. మధ్యాహ్నం బయట, ఎడమ మూల. అక్కడైతే గాలి మొహానికి కొట్టదు."

"నురగ ఎందుకొస్తుందో చెప్పాడా ఎప్పుడైనా?"

"చెప్పాడు. నేను వినలేదు. ఎప్పుడూ చెప్తాడులే అనుకున్నాను."

రెక్స్ తలాడించాడు. కుడిచేత్తో ఒకసారి చక్రాన్నీ ఒకసారి గోడనీ తోసుకుంటూ, ఎవరి సాయమూ లేకుండా, బాల్కనీలోకి వెళ్లాడు. ఎడమ మూలకే వెళ్లాడు. ముందు లీఫూ కొబ్బరిచెట్లు, పక్కనంతా నీళ్లు. అతని భుజాలు కిందికి జారాయి, బరువు దించుకున్నవాడిలా. నరెల్ తలుపు దగ్గరగా వేసి అతన్ని ఒంటరిగా వదిలేసింది. నేను వెళ్లిపోయాను.

వాళ్లు వదిలిన గది ఇరుకు. తలుపు తెరిస్తే దానంతటదే తోసుకొచ్చి భుజానికి కొట్టింది. పెట్టె అడ్డంగా తిప్పితే గానీ పట్టలేదు. మంచానికీ గోడకీ మధ్య నేను పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు. డెస్ పోయాక ఈ రెండేళ్లూ నేనెక్కడికెళ్లినా అతను రాగలిగిన చోటికే వెళ్లాను. మెట్లున్న కాఫీ హోటలుకి వెళ్లలేదు. కూతురు కొత్తిల్లు పై అంతస్తులో ఉందని ఒక్కరోజూ ఉండలేదు. సినిమాకెళితే చివర్లో కుర్చీ ఆపుకునే ఖాళీ పక్క సీటే అడిగాను. అతను పోయాక, అతని కుర్చీ పట్టని గదిలో నేను అడుగుపెట్టడం ఇదే మొదటిసారి.

మంచం మీద కూర్చున్నాను. మోకాళ్లు గోడకి తగిలాయి.

"డెస్, నువ్వు ఇందులోకి రాలేవు" అన్నాను పైకే.

అంత్యక్రియల్లో కూడా ఏడవని దాన్ని, పక్క గదులవాళ్లు వింటారని కూడా చూసుకోకుండా, ఓడ మళ్లీ కదిలేదాకా ఏడ్చాను.